పేరు దాటెయ్యని హాజరు
(స్మారకోపన్యాసం)



మనం స్మరించుకుంటున్న మన బడి సారు హాజరు పిలిచేటప్పుడు ఒక్క పేరూ దాటేసేవారు కాదని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ ఆయన యాదిలో నేను మాట్లాడేది పేరు దాటెయ్యడం గురించే. విపత్తు వచ్చాక సాయం జాబితాలో ఎవరి పేరు ఎక్కుతుంది, ఎవరిది జారిపోతుంది అన్నదే నా విషయం.

మన చేవెళ్ళ, మొయినాబాద్ వైపు పడ్డ వాన మూసీ, ఈసీల్లో కలిసి గండిపేట, హిమాయత్‌సాగర్‌లకు చేరుతుంది. ఆ రెండు జలాశయాలూ ఒక విపత్తు తరువాత కట్టినవే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు నువ్వెవరి మనిషివని అడగలేదు. విశ్వేశ్వరయ్య సూచనల మీద 1920లో గండిపేట (ఉస్మాన్‌సాగర్), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆనాడు సాయం నిజాం దయ. ఓటు వచ్చాక అది హక్కు కావాలి.

అయిందా? 2020 అక్టోబరు 13 వానకు అదే నగరం మళ్ళీ మునిగింది. 19న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రూ.550 కోట్లు ఇస్తున్నామని, ముంపుకు గురైన ఒక్కో ఇంటికి రూ.10,000 అందుతుందని ప్రకటించారు. మంచి పనే. కానీ ఆ డబ్బు నోట్ల రూపంలో బస్తీలకు వచ్చింది. గల్లీ లీడరు చూపించిన గడపకే అందిందని, కొన్నిచోట్ల సగం ఇచ్చి సగం మింగారని జనం రోడ్డెక్కారు. పంపిణీ ఆగింది. నవంబరులో మీసేవ కేంద్రాల దగ్గర దరఖాస్తులు మొదలైతే, ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఆడవాళ్ళు పొద్దున్నే బారులు తీరారు. 17న జీహెచ్ఎంసీ ఎన్నికల ప్రకటన, 18న పంపిణీ ఆపమని రాష్ట్ర ఎన్నికల సంఘం ఆదేశం. మీ ఫిర్యాదు వల్లే ఆగిందని అప్పటి అధికార పార్టీ అంది, మేమివ్వలేదని బీజేపీ అంది. ఆ తరువాత వేలంపాట మొదలైంది. గెలిపిస్తే 25,000 ఇస్తామని బీజేపీ, 50,000 ఇస్తామని కాంగ్రెస్. మునిగిన ఇల్లు కాస్తా ఓట్ల లెక్క అయింది. ఈ పాపంలో ఏ ఒక్క పార్టీనో వేలెత్తి చూపలేం.

చట్టం లేదా అంటే ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను సాయంలో లింగం, కులం, వర్గం, వంశం, మతం పేరిట వివక్ష కూడదంటుంది. ఐదూ సరే, ఆరోది ఏది? పార్టీ అన్న మాట అందులో లేదు.

ఇది నగరం ముచ్చటే అనుకోకండి. వడగండ్లు పడితే పంట నష్టం 33 శాతమో అంతకు మించో ఉంటేనే పరిహారం. 2015కు ముందు అది 50 శాతం. తగ్గించడం మేలే. అయినా మీ టమాటా మడి గట్టు మీద నిలబడి 32 అని రాయాలా 34 అని రాయాలా అన్నది ఒక కలం మొన మీద ఉంటుంది. పైరవీ దూరేది అక్కడే.

బెస్లీ, బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 1958 నుంచి 1992 దాకా మన రాష్ట్రాల లెక్కలు తీసి, పత్రికలు ఎక్కువ చదివే చోట ప్రభుత్వాలు విపత్తులకు మెరుగ్గా స్పందించాయని 2002లో తేల్చారు. పదిమంది చూస్తున్నారని తెలిస్తే కలం సక్కగా నడుస్తుందన్నమాట.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఈసారి వానకు ఇళ్ళు కూలినా, పంట పోయినా, జాబితా మండలాఫీసుకు పోకముందే గ్రామసభలో ఒక్కో పేరూ పైకి చదివించండి. పంచాయతీ గోడకు అంటించండి. పడని ఇంటి పేరు వినబడితే లేచి అడగండి. పడిన ఇంటి పేరు వినబడకపోతే, ఆయన మీ పార్టీ కాకపోయినా, ఆయన తరఫున మీరే లేవండి. మన సారు హాజరు అట్లనే పిలిచేవారు.