ఏ చెట్టు కింద దొరికింది?

(మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అరకు పోయొచ్చిన ముచ్చట చెప్పమని అడిగిన్రు. చెప్తం. కానీ ఇది బొర్రా గుహల ముచ్చట కాదు, వలిసె పూల ముచ్చట కాదు. మేము చేసిన ఒక తప్పు ముచ్చట.

పోయిన జనవరిలో పదకొండు మందిమి పోయినం. టీచర్లం, క్లర్కులం, ముగ్గురు యూనివర్సిటీ పిల్లలు. విశాఖలో పొద్దుగాల కిరండూల్ రైలెక్కినం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించి జపాన్‌కు పంపెటందుకు 1960లలో వేసిన లైను అది. మనసోంటి ప్రయాణికులు తర్వాతి సంగతి. మాలో ఒక మిత్రుని సంచిలో మెటల్ డిటెక్టర్ ఉంది. కొత్తగా కొన్నడు. ఆయన ఉత్సాహం చూసి మాకూ ఉత్సాహమొచ్చింది.

ఊరు పేరు చెప్పం. చెప్తే రేపు ఇంకో పదిమంది మిషన్లు పట్టుకొని పోతరు. లోయ అంచున, కోతలైపోయిన రాగి చేను, పక్కన పాత బండ్ల బాట, రెండు పెద్ద చింతచెట్లు. చేను మనిషిని అడిగినం. నవ్వి, చూసుకోండ్రి అన్నడు. అసలు మేమేం వెతుకుతున్నమో ఆయనకు సరిగ్గ చెప్పనేలేదు, అది మొదటి తప్పు.

గంటసేపు సీసా మూతలు, మేకులు, విరిగిన ఎద్దు నాడా. తర్వాత మిషన్ గట్టిగ కూసింది. జానెడు తవ్వితే ఆకుపచ్చగ తుప్పు పట్టిన బిళ్ల. నీళ్లతో కడిగితే 1835, ఈస్టిండియా కంపెనీ కానీ. ఇగ చూడాలె మా సంబురం! ఒకరి మీద ఒకరు పడి తవ్వినం. పొద్దుగూకే వరకు ఏడు దొరికినయి. కంపెనీవి రెండు, 1862 విక్టోరియా కానీలు మూడు, ఎడ్వర్డ్ రాజు కాలపు చిన్న బిళ్ల ఒకటి, 1943 చిల్లి కానీ ఒకటి. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి, ఫొటోలు దిగినం.

అప్పుడొచ్చింది ఒక ముసలామె, చేను మనిషి తల్లి. మేము అవ్వా అని పిలిచినం. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటరు, మాతోటి తెలుగే మాట్లాడింది. కవర్లోని బిళ్లలు అరచేతిలో పోసుకొని ఒక్కొక్కటి తిప్పి చూసింది.

“ఇది ఏ చెట్టు కింద దొరికింది బాబూ?”

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. ఏది ఎక్కడ దొరికిందో పదకొండు మందిలో ఒక్కరికీ యాది లేదు.

ఆమె ఎందుకడిగిందో తర్వాత చెప్పింది. బాట అవతలి చింతచెట్టు కింద వాళ్ల తాతల నాడు సంత కూడేదట. మైదానం నుంచి ఉప్పు వచ్చేది ఆ సంతకే. ఇవతలి చెట్టు కింద బండ్లు ఆగేటివి. చిల్లర అవతల పడితే అది ఉప్పు కొన్నోళ్లది, ఇవతల పడితే బండ్లోళ్లది. “ఇప్పుడు ఎవులిదో ఎలా తెలుస్తాది?” అన్నది. ఒక పురావస్తు శాస్త్రవేత్త అడగాల్సిన ప్రశ్న అది. వెండి రూపాయలు దొరకలేదేమని అడిగితే, మెడ చూపించి నవ్వింది. వెండి రూపాయలు ఆడోళ్ల మెడలో దండలైనయి, లేకపోతే సాహుకారి పెట్టెలోకి పోయినయి, నేల మీద ఎందుకు పడతయి?

మిత్రులారా, ఉద్యమం నడిచిన ఏండ్లలో మన చరిత్రను మట్టిలో పూడ్చిండ్రని ప్రతి వేదిక మీదా మాట్లాడినం. దానికి రుజువు ఏం చూపెట్టినం? కోటిలింగాల. 1970ల చివర అక్కడ గోదావరి ఒడ్డున వానకు తేలిన నాణేలను సంగనభట్ల నరహరి శర్మ లాంటోళ్లు ఏరి, ఎక్కడ దొరికినయో చెప్పి, పండితులకు అందజేసిండ్రు. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివిండ్రు. గోబద, సమగోప, ఛిముక అనే పేర్లు బయటికొచ్చినయి. శాతవాహనుల మొదటి నేల ఏదన్న చర్చ ఇంకా తెగలేదు, కానీ కోటిలింగాల పేరెత్తకుండ ఆ చర్చ సాగదు. పెద్దబంకూరు తవ్వకాల్లో దాదాపు 22 వేల శాతవాహన నాణేలు దొరికినయి. ఇవే నాణేలు ఏ బజార్లోనో కిలో లెక్కన దొరికితే? రాగి ధర పలికేటివి, లేకుంటే సీసం ధర. దొరికిన చోటే వాటికి నోరిచ్చింది.

అరకు చేనులో మేము ఆ నోరు మూసినం. గుప్తనిధుల కోసం గుళ్లు తవ్వే దొంగలను తిట్టేటోళ్లమే, చేతిలో మిషన్ పడంగనే ఏం చేసినం?

చట్టం ముచ్చట కూడా చెప్పాలె. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలె. 1972 చట్టం నూరేండ్లు దాటిన నాణేన్ని పురావస్తువంటది. ఆ లెక్కన మా చిల్లి కానీ ఇంకా పిల్లకానీ. ఇగ అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 ఉన్న చోటు. పక్కనే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడి ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని 1997లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు మీద మేమే సభలు పెట్టినం, కరపత్రాలు పంచినం. నేల కింద ఉన్నది ఎవరిదని గొంతు చించుకున్నం. మరి ఆ నేల మీద మోకాళ్ల మీద కూసొని తవ్వుతుంటే మాలో ఒక్కరికీ ఆ మాట యాదికి రాలేదు!

తెల్లారి చేను మనిషిని, అవ్వను వెంటబెట్టుకొని మండల కచేరీకి పోయినం. చేను, బాట, రెండు చింతచెట్లు కాగితం మీద గీసి, సంత గురించి అవ్వ చెప్పిన మాట ఆమె పేరుతోనే రాసి, కలెక్టర్‌కు చేరాలని నాణేలతో సహా ఇచ్చినం. ఏది ఏ చెట్టు కింద అన్న గడిని ఖాళీగనే వదిలినం. రసీదు తీసుకొని ఒక జిరాక్స్ అవ్వ చేతిలో పెట్టినం. మడత పెట్టి కొంగున ముడేసుకుంది.

ఒక్క పని అడుగుతున్నం. మీ ఇండ్లలో, ఊర్లలో, ముసలోళ్ల పెట్టెల్లో చార్మినార్ బొమ్మ హాలీ సిక్కాలు ఇంకా ఉన్నయి. ఆ నాణెం అమ్మకండి, చింతపండు పెట్టి తోమకండి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ అంగట్ల తీసుకున్నరు, ఏ పెండ్లికి పెట్టిండ్రు, పెద్దోళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. వచ్చే సమావేశానికి ఆ రాసుకున్న కాగితాలు పట్టుకొని రండి. నాణేలు ఇంట్లనే ఉండనీయండి. మిషన్ కొన్న మిత్రుడు కూడా వస్తున్నడు, ఈసారి నోట్‌బుక్ తోటి.