జగిత్యాల మాస్టర్ ప్లాన్ రద్దయింది, మరి ఊరు పెరగడం ఆగిందా?

ఈ ఎపిసోడ్‌లో మన ఊళ్ల గురించే మాట్లాడుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడింట్లో ఏ ఊరికి బస్సులో వెళ్లినా, ఊరు రాకముందే హద్దు రాళ్లు వస్తాయి. పొలాల మధ్య మట్టి రోడ్లు, ముందు ఒక కమాను, దాని మీద ఏదో ఒక 'నగర్' పేరు. లోపల చూస్తే ఇల్లు ఒకటో రెండో. మిగతాదంతా తుమ్మచెట్లు. ఇన్ని ప్లాట్లు ఖాళీగా ఉంటే, ఊరు ఇంకా ఇంకా పొలాల మీదికే ఎందుకు పోతోంది?

దీనికి జవాబు వెతకాలంటే 2023 జనవరికి వెళ్లాలి. అప్పుడు కామారెడ్డిలో, జగిత్యాలలో కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాల మీద రైతులు రోడ్డెక్కారు. కామారెడ్డిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లోళ్లు ధర్నాలు, రాస్తారోకోలు చేశారు. చివరికి జనవరి 20న రెండు మున్సిపల్ కౌన్సిళ్లూ ఆ ముసాయిదాలు మాకొద్దని తీర్మానం చేశాయి.

అప్పుడు సిటీలో ఉన్న మా ఫ్రెండ్స్ కొందరు, "డెవలప్‌మెంట్ వస్తుంటే అడ్డుపడతారేంది?" అన్నారు. కాబట్టి అసలు రైతు భయం ఏంటో చూద్దాం.

మాస్టర్ ప్లాన్ అంటే రాబోయే ఇరవై ఏళ్లకు ఊరి మ్యాప్. ఇక్కడ ఇళ్లు, ఇక్కడ ఫ్యాక్టరీలు, ఇక్కడ పార్కులు, ఇక్కడ 100 అడుగుల రోడ్డు అని రంగులేస్తారు. మీకు రెండెకరాలు ఉందనుకోండి. దాని మీద పార్కు రంగు పడింది. పాస్‌బుక్‌లో పేరు మీదే. సాగు కూడా చేసుకోవచ్చు. కానీ రేపు ఇల్లు కడతానంటే పర్మిషన్ రాదు, కొనేవాడు రాడు. బిడ్డ పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అర ఎకరం అమ్ముదామంటే సగం ధర కూడా పలకకపోవచ్చు. పోనీ పరిహారం వస్తుందా అంటే, 2013 భూసేకరణ చట్టం పని చేయాలంటే ప్రభుత్వం భూమిని సేకరించాలి. మ్యాప్ మీద రంగేస్తే సేకరించినట్టు కాదు. అంటే భూమి పోలేదు, కానీ దాని విలువ పోయింది. పక్క సర్వే నంబర్‌కు మాత్రం ఇళ్ల రంగు పడి రేటు రెండింతలైంది. ఆ గీత ఎవరు గీశారో, ఎందుకు గీశారో ఈయనకు ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో గొడవ ఇంకో రకం. అక్కడ చాలా కాలనీల్లో ఒక ప్లాటులో ఒక కుటుంబానికే ఇల్లు కట్టాలని రూల్. అపార్ట్‌మెంట్ వస్తుందంటే ఆల్రెడీ ఇల్లున్నోళ్లే మా వీధిలో వద్దంటారు. మినియాపొలిస్ సిటీ 2018లో ఆ రూల్ తీసేసి, ఒక ప్లాటులో మూడు కుటుంబాల దాకా ఉండేలా ప్లాన్ ఒప్పుకుంది. అక్కడ అడ్డుపడేది ఇల్లున్నవాడు. జగిత్యాలలో అడ్డుపడ్డది పొలం తప్ప ఇంకేం లేనివాడు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ఇప్పుడు మన వంతు. ఆ ఖాళీ ప్లాట్లు ఎవరివి? చాలావరకు మనవే. దుబాయ్‌లో, మస్కట్‌లో పని చేసి పంపిన పైసలు, మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతాలు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో వచ్చిన మొదటి సలహా కూడా అదే: "ముందు ఒక ప్లాటు తీస్కో." ఇల్లు కట్టడానికి కాదు, దాచుకోవడానికి. బ్యాంకులో ఎఫ్‌డీ బదులు పొలంలో ఎఫ్‌డీ అన్నమాట.

చిన్న లెక్క చూడండి. ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. లేఅవుట్ చేస్తే రోడ్లకు, పార్కుకు సుమారు 40 శాతం పోతుందనుకుందాం. మిగిలేది దాదాపు 2,900 గజాలు. 200 గజాల ప్లాట్లు 14 వస్తాయి. ఒక్కో దాంట్లో ఒక కుటుంబం ఉంటే 14 కుటుంబాలు. అదే గ్రౌండ్ ప్లస్ టూ కట్టి అంతస్తుకో కుటుంబం ఉంటే 42. అంటే ఊళ్లో ఉన్న ప్లాట్లు నిండితే, బయట రెండెకరాల పొలం మిగులుతుంది. మోరీ, నల్లా పైపు, వీధిలైటు, చెత్త ట్రాక్టర్ కూడా అంత దూరం పోనక్కర్లేదు.

అయితే ఒకేచోట ఇళ్లు కట్టేస్తే సరిపోతుందా? సిరిసిల్ల పక్కన మండెపల్లిలో 2021 జూలైలో 1,320 డబుల్ బెడ్రూం ఇళ్లు ప్రారంభించారు. సొంతిల్లు లేని కుటుంబానికి అది చిన్న విషయం కాదు. కానీ పవర్‌లూమ్ షెడ్డులో షిఫ్టు చేసే మనిషికి ఇల్లు షెడ్డు దగ్గర ఉండాలి. రాత్రి షిఫ్టు దిగితే ఆటో దొరకాలి. కాబట్టి ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండటమే కాదు, పనికి దగ్గరగా ఉండటం ముఖ్యం.

మళ్లీ జగిత్యాలకు వద్దాం. ప్లాన్ రద్దయితే రైతు గెలిచినట్టేనా? ఆ రోజుకు గెలిచాడు, న్యాయంగానే గెలిచాడు. కానీ ప్లాన్ లేకపోతే ఊరు పెరగడం ఆగదు. ప్లాన్ లేకుండా పెరుగుతుంది. వాన నీళ్లు పోయే ఒర్రె మీద కూడా రాళ్లు పాతుతారు. 2020లో ఎల్ఆర్ఎస్ పెడితే రాష్ట్రం మొత్తంలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్ని ప్లాట్లు అనుమతి లేకుండానే అమ్ముడుపోయాయి మరి.

దారి లేదా అంటే ఉంది. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములని ఒక పద్ధతి ఉంది. ఆ ప్రాంతంలో భూములున్న అందరి దగ్గరా కొంత వాటా తీసుకుని రోడ్లు, పార్కులు వేస్తారు. మిగతాది సరిచేసిన ప్లాటుగా ఎవరిది వాళ్లకే ఇస్తారు. నష్టం ఒక్కడి నెత్తిన పడదు, లాభం ఒక్కడి జేబులోకి పోదు. అయితే మాట నిలబడాలి. అమరావతిలో 2015లో భూములిచ్చిన రైతులు, 2019లో మూడు రాజధానుల మాట వినగానే ఎలా రోడ్డున పడ్డారో అందరం చూశాం.

రేపు మన ఊళ్లకు మళ్లీ ముసాయిదా వస్తుంది. అప్పుడు మూడు విషయాలు అడగండి. ఒకటి, సర్వే నంబర్లతో సహా ప్లాన్ తెలుగులో ఊరూరా పెట్టి, గ్రామసభలో చదివి వినిపించాలి. రెండు, రోడ్డుకో పార్కుకో ఎవరి భూమి పోతే వాళ్లకు ఏమిస్తారో ముందే రాయాలి. మూడు, పొలం మీద రంగేసే ముందు ఊళ్లో ఖాళీ ప్లాట్ల లెక్క బయట పెట్టాలి. ఖాళీ స్థలం పన్ను చట్టంలో ఉంది, దాన్ని సరిగ్గా వసూలు చేయాలి. ఈ మూడోది మన జేబుకు తగులుతుంది, తెలుసు. అయినా అడగాలి.

ఈ ఆదివారం మీ వార్డులో ఒక రౌండ్ వేసి, ఖాళీ ప్లాట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఊరి పేరుతో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఉంటా మరి.