రికార్డులో ఏముంది, ఊళ్లో ఏముంది?

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



తీర్మానం పుస్తకంలో ఎక్కని మాట బ్యాంకులో చెల్లదని మనకు బాగా తెలుసు. మరి పుస్తకంలో తప్పు రాస్తే? దాన్ని పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న ఒక విలేకరి గురించి చెప్తాను. ఆయన పేరు పాలగుమ్మి సాయినాథ్. మన తెలుగువారే, 1957లో మద్రాసులో పుట్టారు.

ముంబైలో పత్రిక ఉద్యోగం వదిలి, 1993 నుంచి దేశంలోని అతి పేద జిల్లాల్లో తిరిగారు. పలాము జిల్లాలో కరువు సాయాన్ని జనం 'మూడో పంట' అంటారట. అది రైతు కోసుకునే పంట కాదు, మధ్యలో ఉన్నవాళ్లు కోసుకునే పంట! కరువంటే అందరికీ ఇష్టమే అని అర్థం వచ్చే పేరుతో 1996లో ఇంగ్లీషులో ఆయన పుస్తకం వచ్చింది. తమిళనాడు పుదుక్కోట్టైలో ఆడవాళ్లు సైకిల్ నేర్చుకుంటే అదీ పెద్ద వార్తేనని రాశారు.

తర్వాత మన అనంతపురం వచ్చారు. అప్పులపాలై పురుగుమందు తాగి చనిపోయిన రైతుల్లో కొందరిని రికార్డుల్లో 'కడుపునొప్పి' అని రాశారు. మందు తాగితే కడుపు నొప్పి రాదా? కానీ ఆ ఒక్క మాటతో అప్పు మాయమైంది, పంట నష్టం మాయమైంది. ఆయన ఆ ఇళ్లకు వెళ్లి, కూర్చుని, అడిగి అసలు సంగతి బయటపెట్టారు.

ఇంకో మాట మన గురించే. నాటు, కలుపు, కోత అన్నీ చేసే ఆడమనిషి చనిపోతే, భూమి ఆమె పేరున లేదని రైతు లెక్కలోకే తీసుకోరు. దీన్నీ ఆయన గట్టిగా రాశారు. పల్లె ఆడవాళ్ల పనిని తానే ఫొటోలు తీసి, ఊరూరా ప్రదర్శన పెట్టారు. 2007లో మెగసెసే అవార్డు వచ్చింది. 2014లో పల్లె జీవితాల కోసం 'పరి' అనే సంస్థ పెట్టారు. అందులో తెలుగులోనూ చదవొచ్చు.

ఆయన చేసిందేమిటి? రాసింది చదివారు, ఊరికెళ్లి చూశారు, రెండూ పోల్చారు. ఇది మనకు చేతకాని పనా? నెలనెలా లెక్క సరిచూసేది మనమే కదా!

అందుకే ఒక్కటి అడుగుతున్నా. వచ్చే సమావేశంలో ప్రతి సంఘం ఒక జాబితా రాయండి. పొలంలో పనిచేస్తూ కాగితాల్లో 'గృహిణి' అని ఉన్నవాళ్లు ఎంతమంది? పట్టాదారు పుస్తకంలో పేరున్నవాళ్లు ఎంతమంది? ఆ జాబితా తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. సమాఖ్య దాన్ని పట్టుకుని అధికారుల దగ్గరకు వెళ్తుంది. మన పని మన పేరున ఉండాలి.