పొద్దుటి జావ, పండగ పలహారం
(రాత్రి బడిలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

అక్కలారా, అమ్మలారా, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న అన్నలారా,

ఈరోజు పాఠం తిండి గురించి. "మాకు వంట రాదా, నువ్వు నేర్పాలా?" అని మీరు నవ్వుతారు. నిజమే. మీలో చాలామంది నేను పుట్టకముందు నుంచే పొయ్యి దగ్గర ఉన్నారు. వంట నేర్పడానికి నేను నిలబడలేదు. మీరు రోజూ చేసే వంటలోనే కొన్ని లెక్కలున్నాయి. ఆ లెక్కలు చెప్పుకుందాం. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు కాబట్టి ఈ పాఠం మీకు సులభం.

పగలు నేను చిన్నపిల్లల బడిలో చెబుతాను. పదకొండు గంటలు కొట్టేసరికి కొందరు పిల్లలు సొమ్మసిల్లినట్టు కూర్చుంటారు. పలక మీద చూపు నిలవదు. పొద్దున ఏం తిన్నావురా అంటే ఒకటే జవాబు. "టీ, బిస్కెట్లు."

పిల్లల మీద మనకు ప్రేమ లేక కాదు. పొద్దున్నే కూలికి పోవాలి. పొయ్యి వెలిగించే సమయం ఉండదు. ఐదు రూపాయలిస్తే అంగట్లో ప్యాకెట్ వస్తుంది. కానీ ఆ ప్యాకెట్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఏళ్ళ తరబడి దాని ధర ఐదు రూపాయలే. లోపలి బరువు మాత్రం తగ్గుతూ వచ్చింది. బరువు ఎంతో అట్ట మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. అందులో ఉన్నది ఎక్కువగా మైదా, చక్కెర, నూనె. ఆకలి గంటసేపు ఆగుతుంది. తర్వాత మళ్ళీ మొదలు. పైగా టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఎదిగే పిల్లలకు పొద్దున్నే టీ ఎందుకు చెప్పండి?

మన అనంతపురం జిల్లాలో చూడండి. బుడ్డలు పండిస్తాం. గోనెలకెత్తి మండీకి తోలేస్తాం. ఆ డబ్బుతో పిల్లలకు బిస్కెట్లు కొంటాం. బుడ్డల్లో వందకు పాతిక పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. ఒంట్లో కండ పెరగడానికి అవే కావాలి. పంట అంతా అమ్మవద్దని నేను అనను. అప్పులుంటాయి, నాకు తెలుసు. పిల్లల కోసం ఒక మూట పక్కన పెట్టుకోమంటున్నాను.

ఇప్పుడు అందరికంటే చిన్నవాళ్ళ సంగతి చూద్దాం.

బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలు. నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఇస్తూనే మెత్తటి తిండి మొదలుపెట్టాలి. ఇక్కడే చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. బిడ్డ మింగలేడని జావను నీళ్ళలాగా కాస్తారు. బిడ్డ గిన్నెడు తాగుతాడు. కడుపు ఉబ్బుతుంది. "బాగా తిన్నాడు" అని అవ్వ సంతోషపడుతుంది. కానీ ఆ గిన్నెలో పిండి రెండు చెంచాలే! మిగిలినదంతా నీళ్ళు. పసిబిడ్డ పొట్ట ఎంత? వాడి పిడికిలి కన్నా కాస్త పెద్దది. ఆ కాస్త చోటును నీళ్ళతో నింపితే తిండికి చోటెక్కడ? తిన్నాడని మనం అనుకుంటాం. అంగన్‌వాడీలో తూకం వేస్తే బరువు పెరగదు. ఏదో దిష్టి తగిలిందంటాం.

జావ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. చెంచాతో తీసి వంచండి. బిరబిరా కారిపోతే అది పలుచన. చెంచాను పట్టుకుని నిలిచి, మెల్లగా జారితే అది సరైన జావ.

"చిక్కగా పెడితే ఉమ్మేస్తాడమ్మా" అని పోయిన వారం ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. దీనికి ఉపాయం మన ఇళ్ళలోనే ఉంది. మొలక కట్టిన రాగులు!

రాగులు శుభ్రంగా కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూట కట్టండి. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలకలు వస్తాయి. బంక సాగినా, కుళ్ళు వాసన వచ్చినా పారేయండి. మంచివైతే బాగా ఎండబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చేయండి. సన్నటి సెగ మీద కొంచెం వేడిచేసి మరపట్టించండి. మాడనివ్వకండి. మాడితే దాని గుణం పోతుంది.

ఆ గుణమేమిటో చెబుతాను. గింజ మొలకెత్తేటప్పుడు లోపల ఒక పదార్థం పుడుతుంది. గట్టి పిండిని అది ముక్కలు ముక్కలు చేస్తుంది. చిక్కటి జావను దించి, కాస్త వేడి తగ్గాక, ఒక చెంచా మొలకపిండి కలిపి చూడండి. చూస్తుండగానే జావ జారుగా అవుతుంది. నీళ్ళు పోయలేదు, పిండి తగ్గలేదు. మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చి దించండి. ఇప్పుడు బిడ్డ సులభంగా మింగుతాడు. బలం బలంగానే ఉంటుంది. ఇది మన అవ్వలకు తెలిసిన విద్యే. డబ్బాల్లో వచ్చే రాగి మాల్టు కూడా ఇలా మొలక కట్టిన పిండే. కాకపోతే అందులో తరచూ చక్కెర కలుపుతారు.

రాగుల గురించి ఒక అంకె రాసుకోండి. 100 గ్రాముల రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే తెల్లబియ్యంలో 10కి అటూ ఇటూ. ఎముకలకు, పళ్ళకు కావలసింది ఇదే. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఊరికే పెట్టలేదు.

ఇంకొక పిండి ఉంది. దాని పేరు హైదరాబాద్ మిక్స్. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ తిండిలో ఏముందో పరీక్షించి చెప్పేది వాళ్ళే. చిక్కిపోయిన పిల్లలకోసం వాళ్ళు ఈ పిండి తయారుచేశారు. పెద్ద మందులేమీ లేవు అందులో. నాలుగే సరుకులు. పలక మీద రాస్తున్నాను, చదవండి.

గోధుమలు 400 గ్రాములు. శనగపప్పు 160 గ్రాములు. బుడ్డలు 100 గ్రాములు. బెల్లం 200 గ్రాములు.

కూడండి. 860 గ్రాములు వచ్చిందా? ఇందులో పదో వంతు, అంటే 86 గ్రాములు తింటే 330 కేలరీల శక్తి, 11 గ్రాముల పైన మాంసకృత్తులు వస్తాయి. చిన్న బిడ్డకు ఇది తక్కువేమీ కాదు. గోధుమ, శనగ, బుడ్డ కలిస్తేనే ఆ బలం. ధాన్యంలో లేనిది పప్పులో ఉంటుంది. పప్పులో తక్కువైనది ధాన్యంలో ఉంటుంది. ఒక్క గోధుమపిండో, ఒక్క బియ్యప్పిండో కాస్తే అంత ఫలితం రాదు.

గోధుమలు, పప్పు, బుడ్డలు వేరు వేరుగా దోరగా వేయించాలి. కలిపి వేయిస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా మిగులుతుంది. బుడ్డల పొట్టు ఊది పారేయండి. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరేయండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఆ బూజులో విషం ఉంటుంది. వేయించినా పోదు. కాలేయాన్ని చెడగొడుతుంది. ఏరిన గింజలను పశువులకు కూడా వేయకండి.

బెల్లం పిండిలో కలిపి ఉంచకండి, ముద్దకడుతుంది. జావ కాసేటప్పుడు వేసుకోవచ్చు. రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర, బెల్లం వేయకపోవడమే మంచిదని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. చిక్కిపోయిన బిడ్డకైతే డాక్టరునో, అంగన్‌వాడీ టీచరునో అడిగి వాళ్ళు చెప్పినట్టు చేయండి. మామూలు బిడ్డకు అరటిపండు నలిపి కలపండి. తీపికి తీపి, పండుకు పండు. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకండి. "మా అవ్వ నాకించింది, నాకేమైంది?" అంటారు కొందరు. అందరికీ కాదు, ఎవరో ఒక బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఒక్క బిడ్డ మనవాడు కాకూడదు కదా!

టీవీలో మొక్కజొన్న రేకులు చూపిస్తారు. గిన్నెలో పోసి, పాలు పోసి, పిల్లవాడు ఎగిరి గంతేస్తాడు. అవి ఏమిటి? ఉడికించి, నొక్కి, వేయించిన గింజలు. మన అటుకులు ఏమిటి? నానబెట్టి, వేయించి, దంచిన వడ్లు. పని ఒకటే. మన బొరుగులు కూడా ఆ కుటుంబమే. వేడి పాలల్లో గుప్పెడు అటుకులు, అరటిపండు ముక్కలు వేస్తే రెండు నిమిషాల్లో పిల్లవాడి పొద్దుటి తిండి తయారు. టీవీ పిల్లవాడి గిన్నెకు ఇది ఏం తీసిపోయింది?

డబ్బా కొనవద్దని చెప్పను. చదివి కొనండి అంటాను. ప్యాకెట్ మీద సరుకుల పేర్లు వరసగా రాయాలని చట్టం ఉంది. ఏది ఎక్కువ ఉంటే అది ముందు. చక్కెర రెండో పేరుగా ఉందంటే అది ఎంత ఉందో మీరే అర్థం చేసుకోండి. చాలా ప్యాకెట్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. అక్కడ మీ ఐదో తరగతి బిడ్డ చేత చదివించండి. అంకెలు మాత్రం మీరే చూడండి. తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బరువు, ధర. అంగడాయన ఏమైనా అనుకోనీ.

ఇక బడికి పోయే పిల్లలు. మన ఉగ్గాని కన్నా తేలికైనది ఏముంది? బొరుగులు నీళ్ళలో ముంచి పిండేయడం, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు తిరగమోత వేయడం, పసుపు, ఉప్పు. పది నిమిషాల పని. కానీ వట్టి బొరుగులైతే అది గాలి తిండే. పైన చల్లే పప్పుల పొడి దండిగా వేయండి. గుప్పెడు బుడ్డలు వేయించి కలపండి. దించాక నిమ్మకాయ పిండండి. పులుపుతో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. దీనికి బజ్జీ జతైతే బాగుంటుందని నాకూ తెలుసు. ఆదివారం చేసుకోండి.

ఈ పని అక్కలదే అని వెనక అన్నలు అనుకుంటున్నారేమో. బొరుగులు పిండడానికి ఆడచెయ్యే కావాలని ఎక్కడా రాసిలేదు. పొద్దున ఆమె నీళ్ళు పట్టేటప్పుడు మీరు తిరగమోత వేయండి.

చివరగా పండగలు, పుట్టినరోజులు, సీమంతాలు. చుట్టాలు వస్తున్నారంటే చిప్స్, మిక్చరు, రంగునీళ్ళ సీసాలు తెస్తున్నాం. పరువు కోసమే. అప్పు చేసి కూడా తెస్తున్నాం. అలసంద గుగ్గిళ్ళు పెడితే పరువు పోతుందా? లెక్క చూడండి. మనిషికి 50 గ్రాముల గింజలు. 30 మందికి 1500 గ్రాములు, అంటే కిలోన్నర. రాత్రి నానబెట్టి, పొద్దున ఉప్పేసి ఉడకబెట్టి, ఆవాలు, ఎండుమిర్చి, కొబ్బరి ముక్కలు తిరగమోత వేస్తే అయిపోయింది. పచ్చి బుడ్డలు దొరికే కాలంలో వాటిని ఉడికించి ఎర్రగడ్డ, మామిడికాయ తురుము కలపండి. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవరు. తాగడానికి నిమ్మరసమో, మజ్జిగో.

తీపికి బుడ్డల ఉండలు. వేయించిన బుడ్డలు రెండు పాళ్ళు, బెల్లం ఒక పాలు. పాకం అక్కర్లేదు. రోట్లో దంచండి. గింజలోని నూనెకే ఉండ కడుతుంది. చిన్నపిల్లల చేతికి మాత్రం ముక్కలుండే ఉండ ఇవ్వకండి. ఐదేళ్ళలోపు వాళ్ళకు గింజ గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. మెత్తగా పొడిచేసి ఇవ్వండి.

వడలు, బజ్జీలు చేస్తే రెండు జాగ్రత్తలు. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచవద్దు. పాత వార్తాపత్రికల మీద వేయవద్దు. ఆ సిరాలోని చెడు పదార్థాలు వేడి నూనెతో వడలోకి దిగుతాయి. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ 2016లోనూ, 2023లోనూ ఈ మాట హెచ్చరించింది. అరిటాకు ఉంది, విస్తరాకు ఉంది. పత్రిక మనం చదువుకోవడానికి దాచుకుందాం.

వచ్చే మంగళవారం హైదరాబాద్ మిక్స్ ఇక్కడే చేద్దాం. గోధుమలు ఇద్దరు, శనగపప్పు ఒకరు, బుడ్డలు ఒకరు తెస్తే చాలు. తక్కెడ నేను తెస్తాను. ప్రతి ఒక్కరూ మూత గట్టిగా పట్టే డబ్బా, ఒక కాగితం ముక్క తెచ్చుకోండి. బుడ్డలు కలిసిన పిండి ఎక్కువ రోజులు ఉంటే కారు వాసన వస్తుంది. కాబట్టి చేసిన తేదీని ఎవరి డబ్బా మీద వాళ్ళే, ఎవరి చేత్తో వాళ్ళే రాసి అంటించాలి.