‘మా నాన్న కారులో ఆఫీసుకు వెళతాడు’

(తెనాలిలో పిల్లల రచనా తరగతి వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూడేళ్ల క్రితం మా వీధిలో ఆరో తరగతి చదివే కుర్రవాడొకడు తన ఇంగ్లిష్ నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. ‘మై ఫాదర్’ అనే వ్యాసం. తండ్రి ప్రభుత్వాధికారి అనీ, రోజూ కారులో ఆఫీసుకు వెళతాడనీ, ఆదివారం అందరినీ పార్కుకు తీసుకుపోతాడనీ రాశాడు. పదికి పది మార్కులు. ఆ తండ్రి నాకు తెలుసు. సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. ‘నాన్న గురించి అబద్ధం రాశావేమిరా?’ అని అడిగాను. ‘అబద్ధం కాదు దాదా, గైడులో అలాగే ఉంది’ అన్నాడు.

నవ్వి ఊరుకోవలసిన మాటే. కాని అది నన్ను నా ఉద్యోగ కాలానికి తీసుకుపోయింది. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా అర్జీలు అందుకున్నవాణ్ణి. ఆఫీసు బయట చెట్టుకింద కూర్చొని డబ్బు తీసుకొని అర్జీలు రాసిపెట్టేవారు. పింఛను ఆగిన వితంతువుదీ, ఇంటిస్థలం పోయిన కూలీదీ ఒకే అర్జీ; పేరు, తేదీ మాత్రమే వేరు. అసలు ఏం జరిగిందో తెలియాలంటే మనిషిని ఎదుట కూర్చోబెట్టి అడగాలి. అడిగే తీరిక ఎవరికుంటుంది? నేనూ చాలాసార్లు అడగలేదు. తన సంగతి తాను రాయలేనివాడి తరఫున ఎవరో రాస్తారు. అందులో అతడు ఉండడు. గైడు చేస్తున్న పనీ అదే.

ఇంగ్లిషే ఎందుకు, తెలుగులోనో ఉర్దూలోనో రాయించరాదా అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2019లో మన ప్రభుత్వం బడుల్లో ఇంగ్లిష్ మీడియం కోసం జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ వాదం ఎటు పోయినా మన వీధుల్లో చాలామంది పిల్లల సంచుల్లో ఉన్నవి ఇంగ్లిష్ పుస్తకాలే. తల్లిదండ్రులే కోరి చేర్పించారు. ఏ భాషలో పరీక్ష రాయాలో ఆ భాషలో తన మాట ఒక్కటీ చెప్పలేని పిల్లవాడు బడిలో ఉన్నా లేనట్టే. 6 నుంచి 14 ఏళ్ల లోపు ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. బడిలో ఉండి మూగగా మిగిలిన పిల్లలు ఆ లెక్కలోకి రారు.

అలా ఆదివారం జుహర్ నమాజు తర్వాత రెండు గంటల తరగతి మొదలైంది. మొదట ఎవరూ కలం పట్టరు. జరిగినదాన్ని ఇంటి భాషలో చెప్పాలి. కొందరి ఇంట ఉర్దూ, నూర్‌బాషా పిల్లల ఇంట తెలుగు. ఉర్దూ రాదని ఆ పిల్లలు మొదట కొంత బిడియపడ్డారు; రెండు వారాల్లో అందరికంటె ఎక్కువ కథలు వారే చెప్పారు. చెప్పిన తర్వాతే రాత. ‘మై మదర్ మార్నింగ్ ఫోర్ ఓ క్లాక్ వేక్’ అని రాస్తారు. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ చివర వస్తుంది గనుక ఇంగ్లిష్‌లోనూ చివరికే పోతుంది. ‘ఎ’, ‘ది’ లాంటివి మన భాషల్లో లేనే లేవు. మొదటి ప్రతిలో వాటి జోలికి పోను. ఎర్ర సిరా వాడను. ‘అప్పుడు అమ్మ ఏమంది? పొయ్యి మీద ఏముంది?’ అని పక్కన ప్రశ్నలు రాస్తాను. రెండో ప్రతిలో జవాబులు వస్తాయి. వ్యాకరణం మూడో ప్రతిలో.

సహరీ, షీర్ ఖుర్మా అనే మాటలు ఇంగ్లిష్‌లో రాయవచ్చా అని ఒక పాప అడిగింది. పైజామా, ఖాకీ, బంగళా మన దగ్గర నుంచి పోయినవేనని చెప్పాను. ఇంగ్లిష్ వారి ‘బాండికూట్’ మన పందికొక్కేనంటే ఆ రోజు ఇక పాఠం సాగలేదు. కవిత్వమైతే మొదట ‘క్యాట్, హ్యాట్’ అంటూ ప్రాసల కోసం కొట్టుకున్నారు. ఫజర్ అజాన్‌కు ముందు ఇంట్లో వినబడే చప్పుళ్లు వరుసగా రాయమన్నాను. కుళాయి, బిందె, తాత దగ్గు, రేపల్లె రైలు కూత వచ్చాయి.

ఒక తప్పు కూడా చేశాను. ఎనిమిదో తరగతి అమ్మాయి, అక్క ఫీజు కోసం తల్లి గాజులు తాకట్టు పెట్టిన సంగతి రాసింది. ఎంతో బాగా రాసింది. ఆ ఉత్సాహంలో దాన్ని నలుగురిలో చదివేశాను. మరునాడు ఆమె తండ్రి వచ్చి, ‘చాచా, మా ఇంటి గుట్టు వీధిలో పెట్టారు’ అన్నారు. ఆయన మాట నిజం. క్షమాపణ చెప్పుకున్నాను. అయినా ఐదు ఆదివారాలు ఆ అమ్మాయి రాలేదు. అప్పటి నుంచి రాసినవారిని, వారి ఇంటివారిని అడగనిదే ఏదీ బయట చదవడం లేదు.

‘కథలు రాస్తే మార్కులు వస్తాయా?’ అని అడిగేవారికి దాపరికం లేకుండా చెబుతాను: వెంటనే రావు. గైడు చూసి రాసినవాడికే ఈ ఏడు ఎక్కువ వస్తాయి. ఇంటి భాష కాని భాషలో గొప్పగా రాయడం మన పిల్లలవల్ల అవుతుందా అన్న సందేహానికి మాత్రం జవాబు మన ఊళ్లోనే ఉంది. తమిళం ఇంటి భాషగా గల నటరాజన్ అనే కుర్రవాడు తెనాలి వచ్చి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకొని, ‘శారద’ పేరుతో ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ వంటి నవలలు రాశారు. 1955లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఇక ఇంగ్లిష్ అంటారా, బెంగాల్ ముస్లిం కుటుంబంలో పుట్టిన రొకేయా సఖావత్ హుస్సేన్‌కు ఆ భాష నేర్పింది బడి కాదు, అన్నగారు. అదీ పెద్దల కంటపడకుండా. ఆమె ఇంగ్లిష్‌లో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథను 1905లో మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ అచ్చువేసింది. అందులో మగవాళ్లు పరదా చాటున ఉంటారు, ఆడవాళ్లు దేశాన్ని నడుపుతారు. ముందు వరుసలోని ఆడపిల్లలు నవ్వుతున్నారు. వారు ఆ కథ విన్నారు.

బాపట్ల నుంచి వచ్చిన మిత్రులు అక్కడా ఇటువంటి తరగతి పెడతామంటున్నారు. గది, నోటుపుస్తకాలు, వినే ఓపిక ఉన్న ఒక మనిషి చాలు. ఆ మనిషికి గొప్ప ఇంగ్లిష్ రానక్కరలేదు. నాకు వచ్చినది ఆఫీసు ఇంగ్లిషే.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు చదువుతారు. మొదటివాడు, ఇప్పుడు తొమ్మిదో తరగతి, ‘మై ఫాదర్’ మళ్లీ రాశాడు. అందులో కారు లేదు; నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూసే ఒక మనిషి ఉన్నాడు. తర్వాత గాజుల కథ. ఆ తండ్రిగారు మూడో వరుసలో ఉన్నారు. ఈసారి ముందుగా అడిగాను.