గోల్‌కీపర్ చెప్పిన జవాబు



మేము గిరిజన హాస్టల్ వార్డెన్లం. స్పోర్ట్స్ స్కూలు ఎంపికలు వచ్చిన ప్రతిసారీ తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒకటే మాట. "ఆట అన్నం పెడతాదా మేడమ్? రేపు మోకాలు పోతే పిల్లని ఎవరు చూస్తారు?" దానికి మా దగ్గర జవాబు ఉండేది కాదు. ఒక ఏడాది చక్కగా ఆడే పాపని అలాగే ఇంటికి పంపేశాం. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. ఆ తప్పులో మా వంతూ ఉంది. అందుకే ఈరోజు ఒక గోల్‌కీపర్ సంగతి చెబుతాం.

పి.ఆర్. శ్రీజేష్ మన గిరిజనుడు కాదు, తెలుగువాడూ కాదు. కేరళలో కిళక్కంబలం అనే ఊళ్లో రైతు బిడ్డ. చిన్నప్పుడే ఇల్లు వదిలి తిరువనంతపురంలోని జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూలు హాస్టల్‌లో చేరారు. అక్కడే గోల్‌కీపర్ అయ్యారు. కీపర్‌కి ప్యాడ్లు, హెల్మెట్ కావాలి, వాటి ఖరీదు ఎక్కువ. తండ్రి పాడి ఆవుని అమ్మి కొనిచ్చారు.

2006లో భారత జట్టులోకి వచ్చారు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ మీద షూటౌట్‌లో రెండు షాట్లు ఆపారు, మనకు బంగారు పతకం వచ్చింది. 2016 రియోలో కెప్టెన్. 2017లో మీరు భయపడేదే జరిగింది, మోకాలు దెబ్బతింది. నెలల తరబడి ఆటకు దూరమయ్యారు, అయినా తిరిగొచ్చారు. టోక్యోలో జర్మనీ మీద 5-4తో గెలిచిన మ్యాచ్‌లో ఆఖరి క్షణాల పెనాల్టీ కార్నర్‌ని అడ్డుకున్నారు. 41 ఏళ్ల తర్వాత మనకు ఒలింపిక్ హాకీ పతకం దక్కింది. 2024 పారిస్‌లో మరో కాంస్యం గెలిచి ఆట నుంచి తప్పుకున్నారు.

మరి ఆట అయిపోయాక? ఆ ఏడాదే జూనియర్ జట్టుకి కోచ్ అయ్యారు. 2024లో మస్కట్‌లో ఆయన కుర్రాళ్లు జూనియర్ ఆసియా కప్ గెలిచారు. 2025 డిసెంబరులో చెన్నైలో జూనియర్ ప్రపంచ కప్ కాంస్యం కోసం ఆడుతూ అర్జెంటీనా చేతిలో 0-2తో వెనకబడ్డారు. ఆఖరి క్వార్టర్‌లో నాలుగు గోల్స్ కొట్టి 4-2తో గెలిచారు.

దీన్లో వింత లేదు. కీపర్‌కి మైదానమంతా ఎదురుగా కనబడతాది. వెనక నుంచి కేకేసి ముందున్న వాళ్లని సర్దుతూనే ఉండాలి. అంటే ఆడుతున్నన్నాళ్లూ ఆయన సగం కోచే.

మన రాష్ట్రంలోనూ చిత్తూరు జిల్లా పల్లె నుంచి గోల్‌కీపర్ రజని భారత జట్టుతో టోక్యో దాకా వెళ్లింది. ఇక మనవాళ్లకి హాకీ కొత్తా? 1928లో భారత ఒలింపిక్ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ బిడ్డే కదా!

మేము ఇచ్చే మాట ఇది. ఆటకి వెళ్లే పిల్ల చదువు ఆగకుండా మేము చూస్తాం. డిగ్రీ అయితే బీపీఈడీ చేసి వ్యాయామ ఉపాధ్యాయురాలు కావచ్చు, పాటియాలాలో కోచింగ్ డిప్లొమా చేయొచ్చు. ఈ ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పిన చెయ్యే ఇంకో చేతికి పని నేర్పుతాది. ఆటా అంతే. రేపు మన గూడెం పిల్లలకి మన భాషలోనే ఆట నేర్పే కోచ్ మన ఇంటి నుంచే రావాలి.

కాబట్టి అమ్మా, అయ్యా, ఈసారి ఎంపికలకి పిల్లని పంపండి. జై ఆదివాసీ!