పోటు నిండే వేళ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా ఉద్యోగం గురించి చెప్పమన్నారు కార్యదర్శి గారు. రేవుల్లో అలలకు అడ్డుగోడలు కట్టే పని గురించి భోజనాల ముందు చెబితే సగం మంది కునుకు తీస్తారు. రేపు పొద్దున్న మనలో చాలామంది రెండు బోట్లలో హోప్ ఐలాండ్ వైపు వెళ్తున్నారు. కాబట్టి ఆ ప్రయాణం గురించే మాట్లాడతాను. ఇరవై ఏళ్లుగా సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడల్లా నేను చేసే ప్రయాణం అది.

హోప్ ఐలాండ్‌ను మనం ద్వీపం అంటాం కానీ, నిజానికి అది గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఉత్తరానికి నెట్టుకుంటూ పేర్చిన పొడుగాటి తిన్నె. వయసు రెండు మూడు వందల ఏళ్లు మించదు. బంగాళాఖాతం అలలు దాని వీపుకు తగిలి ఆగిపోతాయి. అందుకే లోపల కాకినాడ అఖాతం చెరువులా ఉంటుంది, అందుకే మనకు రేవు ఉంది. ఇంత పొడుగు గోడ కట్టాలంటే మా కంపెనీ ఎంత బిల్లు వేసేదో నాకు తెలుసు. నది ఉచితంగా కట్టింది.

ఆ గోడ చాటున నీళ్లు నిలకడగా ఉంటాయి కనుక సన్నని ఒండ్రు కిందికి దిగి బురద మేటలు వేస్తుంది. ఆ బురదలోనే తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల పెరిగి కోరింగ మడ అడవి అయింది. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. బురదలో పురుగులు, గవ్వలు, పీతలు ఉంటాయి. వాటి కోసమే చలికాలంలో పక్షులు దిగుతాయి. లడఖ్ సరస్సుల వంటి చోట్ల గుడ్లు పెట్టే గోధుమ తల గల్ పక్షులు ఇక్కడికి వస్తాయి. సైబీరియా ఉత్తరపు కొసల నుంచి ఉల్లంకి జాతి పిట్టలు వస్తాయి. వాటిలో లిటిల్ స్టింట్ అనేది మూడు పది రూపాయల నాణేలంత బరువు ఉంటుంది, అంతే. అది ఆరు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి ఇక్కడికి చేరుతుంది. మళ్లీ వేసవికి వెనక్కి వెళ్లాలి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. ఆటు సమయంలో బురద బయటపడుతుంది, పక్షులు తింటాయి. పోటు ఎక్కితే బురద మునిగిపోతుంది. ఈ పొట్టికాళ్ల పిట్టలకు ఈత పని కాదు, మడ చెట్ల మీద వాలి కూర్చోవడం వాటి పద్ధతి కాదు. అప్పుడు మునగకుండా మిగిలిన నాలుగైదు ఇసుక దిబ్బల మీద వేలకు వేలు వచ్చి చేరతాయి. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు రెక్కల్లో దూర్చి నిద్రపోతాయి. పోటు దిగేదాకా అదే వాటి పడకగది. రోజుకు రెండుసార్లు, రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా.

ఆ గుంపు నిద్రపోతున్నప్పుడే బోట్లు వస్తాయి. మూడేళ్ల క్రితం జనవరిలో నా కళ్లారా చూశాను. ఒక బోటు ఇంజన్ జోరు పెంచి నేరుగా దిబ్బ మీదికి వెళ్లింది. గుంపంతా ఒక్కసారి లేచింది. వెండి రేకు మడిచి విప్పినట్టు ఆకాశంలో తిరిగింది. బోటులో చప్పట్లు, ఫోన్లు. పక్షులు తిరిగి వాలగానే మళ్లీ లేపారు. అలా నాలుగుసార్లు. మా సరంగును అడిగాను, ఎందుకిలా చేస్తారని. ‘ఆయ్, పార్టీ లేపమంటేనే లేపుతామండి. లేవకపోతే డబ్బులు దండగంటారు’ అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. పార్టీ అంటే మనమే.

దృశ్యం అందంగానే ఉంటుంది, నేను కాదనను. కానీ ఇంజనీరుగా నాకు ఇంధనం లెక్క గుర్తొస్తుంది. ఎగరడానికి అయ్యే ఖర్చు, నిలబడి నిద్రపోవడానికి అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు. ఈ పక్షులకు ఇంధనం కొవ్వు. గాడ్‌విట్ అనే పక్షి పెద్ద ప్రయాణం ముందు ఒంట్లో సగం బరువు దాకా కొవ్వు కూడబెడుతుంది. బరువు తగ్గించుకోవడానికి కడుపును, పేగులను కూడా కుదించుకుంటుంది. 2022లో ఒక గాడ్‌విట్ అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పదకొండు రోజుల్లో ఎగిరింది. వీపు మీది ట్రాన్స్‌మిటర్ చెప్పిన లెక్క ఇది. మన దగ్గరికి వచ్చే గాడ్‌విట్‌లు ఆ గుంపు కావు, కానీ అదే జాతి. ఆటు పూట తిని కూడబెట్టినది పోటు పూట మన ఫొటో కోసం ఖర్చయిపోతే, మార్చి ఏప్రిల్‌లో బయలుదేరేటప్పుడు ట్యాంకు నిండదు. దారిలో రాలిపోయిన పిట్ట ఇక్కడ మనకు కనిపించదు. అందుకే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది.

రేపు పౌర్ణమి మరునాడు. పోటు తొమ్మిది దాటాక నిండుతుంది, నీరు ఒకటిన్నర మీటరు దాకా లేవవచ్చు. అందుకే బోట్లు ఆరున్నరకే పెట్టించాను. నీరు ఎక్కుతున్న కొద్దీ మిగిలిన బురద మీదికి పక్షులే మన వైపు జరుగుతాయి. మనం ఒకచోట ఇంజన్ ఆపి కూర్చుంటే చాలు. తలెత్తి అటూ ఇటూ చూడడం మొదలుపెట్టాయంటే మనం దగ్గరయ్యామని అర్థం, వెనక్కి జరగాలి. సరంగులిద్దరితో మాట్లాడాను. పక్షులను లేపనందుకు బోటుకు ఐదు వందలు అదనంగా ఇస్తామని చెప్పాను. నవ్వారు కానీ ఒప్పుకున్నారు.

అదృష్టం ఉంటే స్కిమ్మర్లు కనిపిస్తాయి. నారింజ రంగు ముక్కు, కిందిది పైదానికంటే పొడుగు. దాన్ని నీటిలో ఆనించి గీత గీసుకుంటూ పోయి చేపను పట్టడం చూస్తే మా ఫిజిక్స్ మాస్టారు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. కాలువల్లో నీటికుక్కల కుటుంబం ఎదురుపడవచ్చు. బావురుపిల్లిని చూస్తామని మాత్రం ఆశ పెట్టుకోకండి, అది రాత్రి జీవి. బురదలో అడుగులు కనిపిస్తే చాలు. ఇది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. ఇసుక మీద ట్రాక్టర్ టైరు జాడ లాంటిది కనిపిస్తే దాని మీద నడవకండి.

ఇక్కడున్న సైన్స్ టీచర్లకు ఒక విన్నపం. తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండు మంది రేపు మనతో వస్తున్నారు. వాళ్లకు ఒక నోట్‌బుక్ ఇచ్చి, తేదీ, పోటు సమయం, ఏ దిబ్బ మీద ఎన్ని పక్షులు అన్నది రాయించండి. ఏటా జనవరిలో అదే దిబ్బ దగ్గర అదే లెక్క వేయిస్తే, పదేళ్లకు మన బడి దగ్గర ఇంకెవరి దగ్గరా లేని కాగితం ఉంటుంది. పడవ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. కోశాధికారి గారు ఇందాకే తలూపారు, మీరంతా సాక్షులు.

జగన్నాథపురం వంతెన దగ్గర ఆరు గంటలకల్లా కలుద్దాం. టోపీ, మంచినీళ్లు తెచ్చుకోండి. బైనాక్యులర్లు నా దగ్గర నాలుగున్నాయి, వంతులవారీగా చూద్దాం. గల్ పక్షులకు వేయడానికి బిస్కట్లు, కారప్పూస మాత్రం వద్దు.